బండి వరసలో కాలేజీలు

తాతగారూ, బండి ఆగే వరసలో కాలేజీలు పెట్టమని మీకెవరు చెప్పారండీ?

కోప్పడటం లేదు. అడుగుతున్నాను. తేడా ఉంది. నేను కోప్పడితే ఈపాటికి పక్క క్వార్టర్ గురునాథంగారు గోడ మీంచి తొంగి చూసేవారు.

కౌన్సెలింగ్‌లో ఎంపికలు నింపడం అంటే ఏంటి? పిల్లకి ఏ కాలేజీ అన్నిటికన్నా ఇష్టమో అది పైన. దానికన్నా కాస్త తక్కువ ఇష్టమైంది దాని కింద. అలా దిగుతూ దిగుతూ, ఇంకేదీ దొరక్కపోతే చచ్చినట్టు చేరాల్సింది అట్టడుగున. మన తెలుగు సంఘం హాల్లో ప్రతి వేసవీ పన్నెండో క్లాసు పిల్లల్ని కూర్చోబెట్టి నేను గొంతు చించుకునేది ఈ ఒక్క ముక్క కోసమే. ఆ ఫ్యాను చప్పుడులో కూడా చివరి బెంచీకి వినిపించేలా చెబుతాను.

మరి మీరేం చేశారు? అమరకంటక్ ఎక్స్‌ప్రెస్‌ని మనసులో తలుచుకున్నారు. మొదట తిల్దా. తర్వాత బిలాస్‌పూర్. ఆ తర్వాత జబల్‌పూర్. అట్టడుగున భోపాల్. మీ మనవరాలు భావన ప్రాణాలన్నీ పెట్టుకున్న భోపాల్ అట్టడుక్కి ఎందుకు పోయిందంటే, బండి అక్కడితో ఆగిపోతుంది కాబట్టి.

"బండి ముందు భోపాల్ పోయి, మళ్ళీ వెనక్కొచ్చి తిల్దాలో ఆగుతుందేటే?" అని భావనని అడిగారట. అది నాకొచ్చి చెప్పింది. డిబేట్లలో ఇలాంటి పాయింటు నాకెప్పుడూ తగల్లేదు.

కంప్యూటరుకి బండి సంగతి తెలీదండీ. దానికి పైనుంచి కిందికి చదవడం ఒక్కటే తెలుసు. పైన తిల్దా కనిపించింది. తిల్దాలో సీటు ఖాళీగా ఉంది. ఉండక ఏం చేస్తుంది, అక్కడ అన్ని సీట్లూ ఖాళీయే. పిల్లని అక్కడ దింపేసింది. మిగతా మూడు ఊళ్ళ మొహం కూడా చూడలేదు. భావన కన్నా వెనక ర్యాంకు వచ్చినవాళ్ళు భోపాల్‌లో కూర్చున్నారు. ఇది రాయపూర్ నుంచి ఇరవై నిమిషాలు దాటగానే దిగిపోవాలి.

సరే, ఇరవై కాదు. నలభై. ఆ ఎర్రజెండా దించండి. బండి టైము దగ్గర మీతో వాదించేంత తెలివితక్కువదాన్ని కాను.

గురువారం అని తెలుసు. మౌనవ్రతం అని తెలుసు. గురువారం ఈ ఇంట్లో అవునంటే పచ్చజెండా, కాదంటే ఎర్రజెండా అనీ తెలుసు. కాలనీ మొత్తానికి తెలుసు. పోయిన నెల గ్యాసు అబ్బాయి "సిలిండర్ లోపల పెట్టమంటారా" అని అడిగితే మీరు ఎర్రజెండా ఎత్తారు. కాసేపు ఆగమని మీ ఉద్దేశం. వాడు సిలిండర్ వెనక్కి పట్టుకుపోయాడు. పైడమ్మ మామ్మగారు ఆ వారమంతా మా ఇంట్లో చారు పెట్టుకున్నారు.

మా అమ్మ కూడా, ఈస్టరుకి ముందొచ్చే లెంటు రోజుల్లో మాంసం మానేస్తుంది. మాట మాత్రం మానదు. నర్సు కదా, డ్యూటీలో మాట మానేస్తే పేషెంట్లు కంగారు పడతారంటుంది. మీరు రిటైరైన గార్డు. మీరు మాట మానేస్తే కంగారు పడేది ఒక్కరే. ఆ ఒక్కరూ వెనక గదిలో కూర్చున్నారు.

అసలు గురువారం ఈ గంటకి నేనెందుకొచ్చానో చెప్తాను, వినండి. చెవులకి వ్రతం లేదు కదా.

ఈరోజు సాయంత్రం ఐదుకి రెండో విడత మూసేస్తారు. అందులో కొత్తగా వరస పెట్టుకోవచ్చు. భోపాల్ పైన పెట్టొచ్చు. అక్కడ సీట్లు ఇంకా ఖాళీ చూపిస్తున్నాయి. కాకపోతే కొత్త వరస పెట్టాలంటే ముందు తిల్దా సీటు వదులుకోవాలి. ఫోను దాని చేతిలో ఉంది, వేలు దానిదే, ఒక్కసారి నొక్కాలి. నొక్కదట. "తాతయ్య వెళ్ళమంటే వెళ్తానక్కా" అంటోంది. వాళ్ళ నాన్న గిరిధర్ అంకుల్‌ని అడుగుదామంటే గూడ్సు బండి మీద ఉన్నారు, ఇంజిన్లో ఫోను కట్టేసి ఉంచాలి. వాళ్ళమ్మ మాలతి ఆంటీని అడిగితే, "మా మామగారు ఎలా అంటే అలాగే రేచల్" అని కుక్కర్ పెట్టుకోడానికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఉన్న అన్ని దార్లూ మీ కుర్చీ దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి.

కాబట్టి గౌరవనీయులైన న్యాయనిర్ణేతగారూ. అలవాటండీ, వచ్చేస్తుంది. తాతగారూ, నా మొదటి పాయింటు.

ఆ మధ్యాహ్నం మీరు వరస మార్చినప్పుడు నేను ఊళ్ళో లేను. బిలాస్‌పూర్‌లో డిబేటులో ఉన్నాను. విషయం ఏంటో తెలుసా? "యువత తన దారి తానే ఎంచుకోవాలి." నేను అనుకూలంగా మాట్లాడాను. గెలిచాను. గోడ గడియారం ఇచ్చారు. సరిగ్గా నేను మైకు ముందు నిలబడి "నేటి యువతకి వేలు పట్టుకుని నడిపించేవాళ్ళు అక్కర్లేదు" అని బల్ల గుద్దుతున్నప్పుడు, ఇక్కడ మీరు పిల్ల వేలు పట్టుకుని తిల్దా మీద నొక్కిస్తున్నారు. చప్పట్లు మాత్రం నాకు కొట్టారు.

ఎందుకు నవ్వుతున్నారు? నవ్వితే వ్రతం చెడదా?

పోనీ, నవ్వండి. తిల్దా చూడ్డానికి వెళ్ళిన రోజు తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. ముగ్గురం వెళ్ళాం. ఎందుకు వెళ్ళాం? కాలేజీ చూడ్డానికి. మీరు బండి దిగారు. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచారు. నల్లా తిప్పి నీళ్ళు చూశారు. బెంచీ మీద కూర్చుని లేచి చూశారు. మెట్ల దగ్గరికి ఏ పెట్టె వచ్చి ఆగుతుందో అక్కడి పోర్టర్‌ని అడిగి కనుక్కున్నారు. ఎండ ఏ వేళకి ఎంతవరకు వస్తుందో కూడా అడిగారు. "తాతగారూ, కాలేజీ" అన్నాను. "మీరు చూసొచ్చేయండమ్మా, నాకిక్కడ పనుంది" అన్నారు.

ఏం పని? రిటైరైన మనిషికి తిల్దా స్టేషన్లో ఏం పని?

మేమిద్దరం వెళ్ళాం. స్వర్ణధారా కాలేజీ ఎక్కడ అని అడిగితే అందరూ ఒక రైస్ మిల్లు చూపించారు. కాదండీ, కాలేజీ అంటే, అదేనమ్మా అన్నారు. మిల్లు ఆవరణలోనే ఉంది. ధాన్యం గోదాములో సగానికి తెర కట్టారు. తెరకి ఇవతల క్లాసు, అవతల బస్తాలు. ఆర్కిటెక్చర్ నేర్పే కాలేజీ తాతగారూ. భవనాలు కట్టడం నేర్పుతారు. భవనం మాత్రం లేదు.

"భవనం ఏదండీ" అని అడిగాను. అక్కడున్నాయన మిల్లు లెక్కలు చూస్తూనే, ఆయనే ప్రిన్సిపాల్ కూడా, తలెత్తి చెప్పాడు: "మొదటి బ్యాచ్ పిల్లలే కడతారు. ప్రాక్టికల్స్."

నేను డిబేటర్‌ని. ఆ మాట ఫోనులో రాసుకున్నాను, ఎక్కడైనా పనికొస్తుందని.

అంతలో ఆయన భావన వైపు తిరిగి, "భర్తీ హోబే కా నోనీ?" అన్నాడు, చేరతావా అమ్మాయీ అని. ఎంత ప్రేమగా అన్నాడో. ఇవాళే చేరితే ఒక బస్తా దుబరాజ్ బియ్యం ఉచితం అన్నాడు. చేతిలో పోసి వాసన చూడమన్నాడు. వాసన నిజంగా బాగుంది, అది ఒప్పుకుంటాను. భావన ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టి గీత గీసింది. దానికి ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి గీయడం అలవాటు కదా. గీత సగం అయ్యేసరికి కాగితం మీద ఊక దుమ్ము పడింది. ఊదింది. మళ్ళీ గీసింది. మళ్ళీ పడింది. ఐదేళ్ళు అలా ఊదుకుంటూ గీయాలి.

తిరిగొస్తే మీరు బండిలో ఏమన్నారు? "ప్లాట్‌ఫారం పొడుగు బాగుంది" అన్నారు.

ఆ రాత్రి మామ్మగారు నన్ను పక్కకి పిలిచి, "ఏటి రేచలూ, నువ్వు సెప్పే ఆ బోపాలు కాలేజీవోలు బియ్యం ఇస్తారేటి?" అని అడిగారు. ఇవ్వరన్నాను. "మరింక దేనికి?" అన్నారు. బస్, అంతే. ఈ ఇంట్లో నా వాదన అక్కడితో ముగిసింది.

రెండో పాయింటు. ఉండండి, ఆ పచ్చజెండా నా కోసమా, మాలతి ఆంటీ చూపిస్తున్న ఉల్లిపాయ కోసమా? ఉల్లిపాయ కోసం. సరే.

రెండో పాయింటు ఏంటంటే, మీ వాదన నాకు తెలుసు. నిన్న బుధవారం, మీకు నోరుంది, అప్పుడే చెప్పారు. "కన్ఫర్మ్ అయిన బెర్తు వదులుకుని వెయిటింగ్ లిస్టులో నిలబడేవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదమ్మా" అన్నారు. గురునాథంగారు గోడ అవతల నుంచి "కరెక్ట్" అన్నారు. బుకింగ్ క్లర్కుగా చేసిన మనిషి, ఆయన అనక ఎవరంటారు.

మంచి వాదన. ఎదుటివాళ్ళ వాదనలో బలముంటే ఒప్పుకోవాలని మాకు నేర్పారు. ఒప్పుకుంటున్నాను. కానీ సీదాగా ఒకటి అడుగుతాను. భోపాల్ వెళ్ళాల్సినవాడికి పూరీ బండిలో బెర్తు కన్ఫర్మ్ అయితే ఎక్కి కూర్చుంటాడా? కూర్చుని, కిటికీ పక్కదేనండీ, ఫ్యాను కూడా తిరుగుతోంది అని సంబరపడతాడా? బెర్తు కన్ఫర్మ్ అయిందా అని కాదు తాతగారూ, బండి ఎటు పోతోందని కదా ముందు చూడాలి. అది మీకు నేను చెప్పాలా?

జెండా ఎత్తడం లేదు. ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. ఆలోచిస్తున్నారు.

అబద్ధం చెప్పను. రెండో విడతలో భోపాల్ దొరక్కపోవచ్చు. జబల్‌పూర్ కూడా పోవచ్చు. తిల్దా ఎలాగూ పోతుంది, ఒకసారి వదిలిన సీటు మళ్ళీ ఇవ్వరు. అప్పుడు ఒక ఏడాది ఇంట్లో కూర్చుని మళ్ళీ పరీక్ష రాయాలి. ఈ ముక్క చెప్పకుండా దాచి మీ చేత పచ్చజెండా ఎత్తించొచ్చు. పోటీ అయితే దాచేదాన్నేమో. ఇది భావన.

దానికి ఈ చదువు ఎందుకో మీకెవరైనా చెప్పారా? అది చెప్పదు. అది ఏదీ చెప్పదు. ఆ విషయంలో దానికి వారమంతా గురువారమే.

మొన్న చలికాలం పోయాక, కొత్తగా కడుతున్న నయా రాయపూర్‌లో నాకు పోటీ ఉంటే దాన్ని తోడు తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కబుర్లలో పడి దిగాల్సిన చోటు దాటిపోయి ఎక్కడో దిగాం. ఎంత వెడల్పు రోడ్డో. అవతలి పక్కనున్న మనిషిని పిలవాలంటే ఫోను చెయ్యాలి. మిట్టమధ్యాహ్నం. మనుషులు లేరు, చెట్లు ఇంకా మోకాలెత్తు లేవు. ఉన్న నీడల్లా ఒక్క దీపస్తంభానిది. ఆ సన్నటి నీడలో అప్పటికే ఒకావిడ మూట పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక ఒక ప్యూను. ప్యూను వెనక ఒక కుక్క. మేం వెళ్ళి కుక్క వెనక నిలబడ్డాం. క్యూ. నీడ జరిగితే అందరం జరిగాం. కుక్క కూడా వరస తప్పలేదు.

నేను బస్సుని తిట్టుకుంటున్నాను. భావన సంచిలోంచి పెన్ను తీసి చేతి మీద గీస్తోంది. ఏంటే అంటే, "అక్కా, ఈ రోడ్డుకి ఈ పక్కన గోడ కట్టి, కాస్త ముందుకి వంచితే సాయంత్రం దాకా నీడ ఉంటుంది. ఆవిడ కూర్చోవచ్చు" అంది. అంతే. గొప్ప మాటలేం లేవు. మూట పెట్టుకున్నావిడని కూర్చోబెట్టాలి. దానికి ఐదేళ్ళు చదవాలి. ఎక్కడ చదవాలో అదే వెతుక్కుంది, భోపాల్ అదే కనిపెట్టుకుంది. నేను ఒక్క ముక్క చెప్పలేదు.

కాలనీలో పిల్లలకి కాలేజీలు ఎంచిపెట్టడం నాకు కొత్త కాదు తాతగారూ. పృథ్వీ వాళ్ళ నాన్న కాలేజీ గేటు ఈశాన్యంలో ఉందా లేదా అని ఫోనులో మ్యాపు తిప్పి చూసి, ఫోను తలకిందులుగా పట్టుకున్నాడని ఫీజు కట్టాక తెలుసుకున్నాడు. అవన్నీ భరించాను. ఎందుకంటే ఆ పిల్లలకి ఏదైనా ఒకటే. ఏది కావాలో తెలిసినది నాకింతవరకు దొరికింది ఇదొక్కతే. ఇదొక్కదాన్ని తీసుకెళ్ళి ఊక గోదాములో కూర్చోబెడతారా?

ఏంటి మామ్మగారూ? టీ అక్కడ పెట్టేయండి. నేను తాగుతాను, ముందు ఈయన్ని...

ఏమన్నారు?

మళ్ళీ చెప్పండి. ఎమ్మెస్టీయా? తిల్దాకా? ఎవరికి?

తాతగారూ, మీరు అటు చూడకండి, ఇటు చూడండి. మామ్మగారు, "ఆయనకి సీజన్ టికెట్టు తెచ్చుకున్నారు కదా, ఇప్పుడు గుంట బోపాలు పోతే ఆ డబ్బులు వెనక్కిస్తారేటి?" అంటున్నారు. మీకు సీజన్ టికెట్టేంటండీ? చదువుకునేది మీరా?

రోజూ దానితో వెళ్ళడానికా.

పొద్దున్న దానితో ఎక్కి, తిల్దాలో దింపి, సాయంత్రం దాకా అక్కడే ఉండి, మళ్ళీ దానితో రావడానికా? అందుకా నల్లా తిప్పి చూశారు. అందుకా బెంచీ మీద కూర్చుని చూశారు, ఎండ ఎంతవరకు వస్తుందో అడిగారు. నాకిక్కడ పనుంది అంటే ఇదా పని.

"తెల్ల బట్టలు కూడా ఇస్త్రీ సేయించేసారమ్మా" అంటున్నారు మామ్మగారు. "నా సర్వీసంతా బండి ఎనకాల ఒక్కణ్ణే కూకున్నాను, ఒక్కసారి పక్కన మనిషితో కూకుని పోతాను అన్నారు" అంటున్నారు. "నాకు సెప్పారు, గుంటకీ సెప్పారు. నీకే సెప్పనేదు, నువ్వు అరుస్తావని."

నిజమే. అరిచేదాన్ని.

ఇప్పుడు అరవాలని లేదు. అదే విచిత్రంగా ఉంది.

గూడ్సు బండి చివర పెట్టెలో లైటు పెట్టుకుని రాత్రంతా ఒక్కళ్ళే కూర్చుంటారని నాకు తెలుసు. చిన్నప్పుడు పట్టాల పక్కన నిలబడి చేతులూపేవాళ్ళం. ఇంజిన్ వాడు ఊపడు, వాడికి పనుంటుంది. ఆఖరి పెట్టెలో గార్డు ఊపేవాడు. మేం కనపడనంత దూరం పోయేదాకా ఊపేవాడు. ఎందుకంతసేపు అని ఎప్పుడూ అనుకోలేదు.

మామ్మగారూ, మీరు లోపలికి వెళ్ళండి. ఏం లేదు. అరవను. మా అమ్మ మీద ఒట్టు.

తాతగారూ, ఒకటి చెప్పండి. కాదు, చెప్పకండి, వినండి. సీజన్ టికెట్టు సంగతి భావనకి తెలుసన్నారు కదా మామ్మగారు.

అయితే ఇప్పుడు నాకు అర్థమైంది. ఇందాక ఆ గదిలో నేను దాన్ని ఎంతసేపు వాయించానో మీకు వినపడే ఉంటుంది. ర్యాంకు చెప్పాను, గోదాము గుర్తు చేశాను, దీపస్తంభం కుక్క గుర్తు చేశాను. తిట్టాను కూడా. నీకు వెన్నెముక లేదన్నాను. అది తల దించుకుని కూర్చుంది. ఒక్క ఎదురు మాట అనలేదు. ఎదురు మాట అనేవాళ్ళనయితే ఓడించొచ్చు, నాకదే చేతనవును. ఏమీ అనకుండా కూర్చున్నదాన్ని ఎలా ఓడించాలో నాకెవరూ నేర్పలేదు. ఓడిపోయి మీ దగ్గరికొచ్చాను. ఇదిగో, ఒప్పుకుంటున్నాను. ఎక్కడా ఓడనిదాన్ని పద్దెనిమిదేళ్ళ మూగదాని దగ్గర ఓడిపోయి వచ్చాను.

అది మీకు భయపడి ఆగిందనుకున్నాను. తాతయ్య మాట దాటలేని పిచ్చిది అనుకున్నాను. కాదు. మీరు ఇస్త్రీ బట్టలు వేసుకుని ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడటం చూడలేక ఆగింది. "తాతయ్య సరేనంటే" అనలేదు అది. "తాతయ్య వెళ్ళమంటే" అంది. మీరు ఒప్పుకుంటే చాలదు, మీరే నోరారా పంపాలి. నేనా తేడా పట్టుకోలేదు. మాటలే నా వృత్తి అని తిరుగుతాను.

జెండా వద్దండీ. ఉంచండి. పచ్చజెండా పట్టుకెళ్ళి దానికి చూపిస్తే అది నమ్మదు. తాతయ్య నా కోసం ఒప్పుకున్నాడు అనుకుంటుంది. అనుకుని, ఫోను పక్కన పెట్టి, నాకు తిల్దాయే ఇష్టం అక్కా అంటుంది. నవ్వుతూ అంటుంది. అన్నాక మీరు ఐదేళ్ళు రోజూ ఆ బండిలో దాని పక్కన కూర్చుంటారు. అది మీకు కబుర్లు చెబుతుంది. మీ కోసం కాగితం మీద దుమ్ము ఊదుకుంటుంది. ఒక్కనాడు కూడా మీతో ఒక్క మాట అనదు. మీకు తోడు దొరుకుతుంది తాతగారూ. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే తోడు. అది చూశాక మీ ఆఖరి పెట్టె బ్రేక్‌వ్యానే నయం అనిపిస్తుంది.

నేను మీ దగ్గర వాదించి గెలవడానికొచ్చాను. ఇప్పుడు గెలవక్కర్లేదు. నా పాయింట్లు అయిపోయాయి. మూడోది ఏదో ఉండాలి, గుర్తు లేదు.

ఐదు కావస్తోంది. మీరు బండి టైము దాటనిచ్చే మనిషి కాదు. వ్రతం సంగతి ఆ దేవుడికీ మీకూ మధ్య. ఆయనకి నా పేరు చెప్పండి. ఆ క్రైస్తవుల పిల్ల రేచల్ చెడగొట్టిందని చెప్పండి, ఆయన మా వాళ్ళతో మాట్లాడుకుంటాడు.

కళ్ళజోడు ఇక్కడే ఉంచండి, అక్కర్లేదు. చదివేదేం లేదు. చెప్పులు తొడుక్కోకపోయినా ఫరవాలేదు, రెండడుగులు. తలుపు దగ్గరకి వేసి ఉంది, గడియ లేదు.

లేవండి తాతగారూ. లోపలికి వెళ్ళి, ఆ పిల్ల పక్కన కూర్చుని, నోరు తెరిచి వెళ్ళమని చెప్పండి.